ఎర్ర కొట్టు పై గది

మా కొట్టుకి బోర్డు మీద ఏదో పేరుంది గానీ ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అది ఎర్ర కొట్టు. పెద్ద వీధి మొత్తంలో సున్నం పూయకుండా వదిలేసిన ఇటుక గోడ మాదొక్కటే. మేకులు, తలుపు బందులు, గడియలు, తాళాలు అమ్ముతాం. కొట్టు వెనకే ఇల్లు. రోడ్డుకి అవతల, సరిగ్గా మాకెదురుగా ఉన్నది తెల్ల కొట్టు, బట్టల వ్యాపారం. మా అత్తయ్య వాళ్ళని ఎప్పుడూ పేరుపెట్టి పిలవదు. "ఎదురువాళ్ళు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు పంటి కింద రాయి పడినట్టు మొహం పెడుతుంది.

వీధిలో నిలబడి చూస్తే మా ఎర్ర కొట్టు రెండంతస్తులు. కింద కొట్టు, పైన వరసగా మూడు అద్దాల కిటికీలు, వాటికి కర్టెన్లు, సాయంత్రమైతే లోపల దీపం. నా పెళ్ళికి ముందు మా నాన్న ఆ కిటికీలు చూసొచ్చి, "మేడ ఉన్నవాళ్ళే" అని అమ్మతో గొప్పగా చెప్పాడు.

కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకి అత్తయ్య నన్ను వెనక మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళి తలుపు తాళం తీసింది. గది ఉంటుందనుకున్న చోట ఖాళీ డాబా ఉంది. డాబా చివర, వీధి వైపున, ఒకే ఒక్క గోడ. ఆ గోడకి మూడు కిటికీలు. వెనక గది లేదు, పైన కప్పు లేదు. గోడ వెనక్కి ఒరగకుండా రెండు ఇనుప కమ్మీలు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి. కర్టెన్లు తడవకుండా కిటికీల మీదుగా ఒక రేకు చూరు. అంతే, మా మేడ.

"నవ్వొస్తే ఇక్కడే నవ్వేసెయ్ పెద్దమ్మాయ్," అంది అత్తయ్య. "కిందికి దిగాక నవ్వకూడదు."

ఆ కథ ఆవిడే చెప్పింది. కొట్టు పెట్టిన పెద్దతాతగారూ, తెల్ల కొట్టు పెట్టిన ఆయనా ఒకే బండిలో ఈ ఊరొచ్చారు. ఒకే కంచంలో తిన్నంత స్నేహం. ఒకేసారి కొట్లు కట్టుకున్నారు, ఒకే ఎత్తున. తర్వాత ఒక ఏడాది ఎదురాయన వ్యాపారం బాగా సాగి మేడ లేపాడు. ఆ రోజు నుంచి మా పెద్దతాతగారికి కంటి మీద కునుకు లేదు. స్నేహితుడు ముందుకొచ్చి పలకరిస్తే ఆయన మొహం చూడకుండా తల ఎత్తి మేడ చూసేవాడట. చివరికి బట్టీకి వెళ్ళి, సరిగ్గా కాలక పక్కన పడేసిన ఇటుకలు చవగ్గా తెచ్చాడు. అందుకే ఇప్పటికీ మా గోడ కింద సగం ముదురు ఎరుపు, పైసగం లేత ఎరుపు. తీరా చూస్తే ఆ ఇటుకలు ఒక్క గోడకే సరిపోయాయి. "మరి గది సంగతేంటండీ?" అని మేస్త్రీ అడిగితే, "ముందు ముఖం లేపవయ్యా, ఒళ్ళు తర్వాత చూద్దాం" అన్నాడట.

ఆ ఒళ్ళు మళ్ళీ రాలేదు. ఒక తరంలో డబ్బు లేదు, ఇంకో తరంలో ఓపిక లేదు. ఈలోగా ఎదుటి మేడ మీంచి చూస్తే మా కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తోందని ఎవరికో తట్టి, పెద్దతాతగారి భార్య కర్టెన్లు కుట్టింది. కరెంటు వచ్చాక ఒక కమ్మీకి బల్బు వేలాడింది. అద్దాలు తుడవడం, కర్టెన్లు మార్చడం, సాయంత్రం దీపం వెయ్యడం కోడళ్ళ పనయింది. మా ఇంటి మగవాళ్ళు ఈ విషయం నోరెత్తి మాట్లాడరు, పెళ్ళాలతో కూడా. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళే తర్వాతి కోడలికి చెప్పాలి. అదీ, ఈ అమ్మాయి మనదైపోయింది అని మనసుకి అనిపించినప్పుడు. ఎవరైనా మాటవరసకి "పైన పటారం లోన లొటారం" అంటే వీధంతా నవ్వుతుంది. మా ఇంట్లో మాత్రం అందరం దగ్గుతాం.

నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. కాలేజీలో చరిత్ర చదివాను. రాజుల కోటలూ యుద్ధాలూ చదివినదాన్నే అయినా, ఓర్వలేనితనంతో లేచిన గోడ నా చేతికి రావడం నాకు గొప్పగానే అనిపించింది. అత్తయ్య మోకాళ్ళు పట్టేశాక తాళంచెవి పూర్తిగా నాదైంది. వంట అందరికీ, పిల్లలు అందరికీ, కొట్టు మావయ్యదీ మగవాళ్ళదీ. డాబా మీది ఆ మూడు కిటికీలు మాత్రం నావి.

అప్పుడు మా మరిది ఎదురువాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు.

ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. అత్తయ్య కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్ల ఏం మాయ చేసిందో, అందరితో కన్నా ఎక్కువ దానితోనే మాట్లాడడం మొదలుపెట్టింది. మంచం మీద కాళ్ళు చాపుకుని ఇద్దరూ నవ్వుకుంటుంటే వంటింట్లోకి వినబడేది. నేనొచ్చిన కొత్తలో అత్తయ్య నా పెళుసు మాటలకి ఒక్కసారైనా నవ్విందేమో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

కొట్టులో కూడా అంతే. బందులూ గడియలూ అట్టపెట్టెల్లో ఉండేవి మాకు. ఒక మధ్యాహ్నం ఆ చిన్నకోడలు, మా చిన్నది, చెక్కముక్కలు తెప్పించి, ఒక్కో రకం బందూ గడియా వాటికి బిగించి, గోడకి వరసగా తగిలించింది. కొనడానికి వచ్చినవాళ్ళు టకటకా తీసి, వేసి చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఇన్నేళ్ళుగా ఈ ఆలోచన ఎవరికీ రాలేదేంటర్రా!" అన్నాడు మావయ్య మురిసిపోతూ.

ఆ ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఉన్నదాన్ని నేను. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. పైగా ఆ పిల్ల వెనకే వచ్చి, "అక్కా, ఇలా ఇవ్వండి, నేను కడుగుతాను" అంది. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది! తిట్టుకోవడానికైనా ఒక కారణం దొరికేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆ అమ్మాయి మావయ్యని అడిగింది.

"మావయ్యా, పై గది ఖాళీగానే ఉంది కదా. నేను రెండు కుట్టుమిషన్లు వేసుకుంటాను. వెలుతురు కూడా బాగుంటుంది, మూడు కిటికీలు."

మావయ్య దగ్గాడు. మా ఆయన దగ్గాడు. మా మరిది నీళ్ళ గ్లాసు ఎత్తి ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"తాళంచెవి పెద్దమ్మాయి దగ్గరుంది," అంది అత్తయ్య నా కళ్ళలోకి చూస్తూ. "ఏదైనా అదే చెప్పాలి."

అంటే చెప్పెయ్యమని. నాకు అర్థమైంది. కానీ చెబితే ఇంకేం మిగులుతుంది నాకు? ఒక్కసారి చెప్పానంటే అద్దాలు నాకన్నా బాగా తుడుస్తుంది. కర్టెన్లు నాకన్నా అందంగా కుడుతుంది. "ఇన్నేళ్ళుగా ఈ ఆలోచన ఎవరికీ రాలేదేంటర్రా" అని మావయ్య మళ్ళీ అంటాడు.

"ఆ గది నిండా పాత సామాను," అన్నాను.

"నేను సర్దేస్తాను లెండి అక్కా."

"అది నీవల్ల అయ్యే పని కాదు. పెద్దతాతగారి మంచమే నలుగురు మొయ్యాలి."

మంచం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన అన్నంలోంచి తలెత్తి నా వైపు చూశాడు. నేను కూర వడ్డించాను.

మర్నాడు బట్టలు ఆరేస్తుంటే మళ్ళీ వచ్చింది.

"అక్కా, మంచమొక్కటేనా? ఇంకేమున్నాయి?"

"అద్దం బీరువా ఉంది. నిలువుటద్దం. అంచున కొంచెం మచ్చపట్టింది."

"నేల ఎలా ఉంటుంది?"

"ఎర్ర నేల. వేసవిలో కూడా కాలికి చల్లగా తగులుతుంది."

"కూర్చోడానికి ఏం లేదా మరి?"

"ఎందుకు లేదు? పేము కుర్చీ ఉంది. చేతుల కుర్చీ."

"ఏ వైపు వేసుంటుంది?"

"నడిమి కిటికీ పక్కన. వీధి కనపడేలా."

నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఉప్పెంత వేశావని అడిగినా సరిగ్గా చెబుతాను. కానీ ఆ గది గురించి అడిగిన కొద్దీ నాకు జవాబులు వాటంతటవే వచ్చేవి. రాత్రి పడుకున్నాక ఆ పేము కుర్చీకి ఎలాంటి దిండు ఉంటే బాగుంటుందా అని ఆలోచించేదాన్ని. ఆ పిల్ల అడగడం మానితే నేనే, "ఆ బీరువా తాళం తుప్పుపట్టిపోయింది తెలుసా" అని మొదలుపెట్టేదాన్ని. అది బుద్ధిగా తలూపుతూ వినేది. అలా వింటుంటే ఆ కాసేపూ నాకు అది మరీ అంత చెడ్డగా అనిపించేది కాదు. మళ్ళీ అత్తయ్య గదిలోంచి నవ్వు వినబడేదాకా.

"ఎప్పుడు చెబుతావే?" అంది అత్తయ్య ఒకరోజు.

"మనదైపోయింది అనిపించాలి కదా అత్తయ్యా."

"ఇంకా అనిపించలేదా నీకు?"

"లేదు."

"నీ మనసు మన గోదాములో తాళంలా ఉందే. నూనె వెయ్యందే తిరగదు," అని అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం గాలి లేచింది. ముందు దుమ్ము, తర్వాత వీధిలో రేకుల చప్పుడు. వంటింట్లో ఉన్న నాకు అత్తయ్య కేక వినబడింది. "పెద్దమ్మాయ్, కర్టెన్!"

పరుగున మెట్లెక్కాను. నడిమి కిటికీ కర్టెన్ ఊచ ఒకవైపు కొక్కెంలోంచి జారిపోయింది. గుడ్డ జెండాలా డాబా మీదికి కొట్టుకుంటోంది. అద్దంలోంచి వీధి అంతా కనిపిస్తోంది. అంటే వీధిలోంచి ఆకాశమంతా కనిపిస్తోందన్నమాట. ఊచ ఒక కొసని పైకెత్తితే రెండో కొస జారుతోంది. గుడ్డ మొహానికి చుట్టుకుంటోంది. కళ్ళ నిండా దుమ్ము. ఒక్కదాన్ని, నాకు చేతకావడం లేదు.

అంతలో రెండో కొస దానంతటదే పైకి లేచి కొక్కెంలో కూర్చుంది.

చూస్తే చిన్నది. నేను తాళంచెవిని తలుపుకే వదిలేసి వచ్చాను. ఉప్పెంత వేశానో సరిగ్గా చెప్పే మనిషిని!

అది ఏమీ అడగలేదు. చుట్టూ కూడా చూడలేదు. కర్టెన్ కింది అంచులో ఒక ఇటుకముక్క పెట్టి ముడేసింది. మిగతా రెండిటికీ అలాగే చేసింది. అప్పుడు కమ్మీకి ఆనుకుని ఆయాసపడుతూ నవ్వింది.

"పేము కుర్చీ గాలికి ఎగిరిపోయినట్టుందక్కా."

నాకు తల కొట్టేసినట్టయింది. "నీకు ముందే తెలుసా?"

"మా మేడ మీద నా మంచం మీ కిటికీకి సూటిగా ఉండేది. చిన్నప్పుడొకరోజు ఇలాగే గాలికి కర్టెన్ తొలిగింది. 'నానమ్మా, ఎదురువాళ్ళ గదిలో ఆకాశం ఉంది' అని అరిచాను. మా నానమ్మ నా నోరు నొక్కేసింది."

"మీ ఇంట్లో అందరికీ తెలుసా?"

"మా తాతల నాటి నుంచి."

"మరి ఒక్కరూ నవ్వలేదేం?"

"నానమ్మ నవ్వనిచ్చేది కాదు. 'మనం నవ్వితే వాళ్ళకి రోషం వస్తుంది. రోషమొస్తే నిజంగానే గది కట్టేస్తారు. వాళ్ళు కడితే మీ తాత మూడో అంతస్తంటాడు. ఉన్న మేడ ఊడవలేకే చస్తున్నాను' అనేది." చిన్నది నవ్వాపుకోలేక కమ్మీ పట్టుకుంది. "మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ మీరంటే ఎంత కుళ్ళో తెలుసా అక్కా? ఊడవక్కర్లేని మేడ మీది!"

నాకూ నవ్వొచ్చింది. డాబా మీదే ఉన్నాను కాబట్టి నవ్వేశాను. కానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"తెలిసీ కుట్టుమిషన్లకని ఎందుకడిగావ్?"

ఆ పిల్ల వేళ్ళకి అంటిన ఇటుక పొడి దులుపుకుంది. "అడిగితే చెబుతారేమోనని. ఇంట్లో ఎవరినడిగినా మీ పేరే చెప్పారు. మీరు చెబితే నేను ఈ ఇంటిదాన్నయినట్టు అనుకున్నా."

"నేను మంచాలూ బీరువాలూ అంటుంటే వింటూ కూర్చున్నావా?"

"బాగుంది కదక్కా. చిన్నప్పుడు నేనూ ఆ గదిని ఊహించుకునేదాన్ని. ఆకాశం కనపడ్డాక కూడా మానలేదు. లోపల ఒకావిడ ఉన్నట్టు, దీపం వేసి అటూ ఇటూ తిరుగుతున్నట్టు. కానీ నా గదిలో కుర్చీ లేదు. మీ దాంట్లో ఉంది."

ఎవరైనా అయితే ఆ మాటకి కరిగిపోయేవారు. నేను కరగలేదు. నన్ను కాల్చింది వేరే సంగతి. ఇన్నేళ్ళుగా నేను ఆ కర్టెన్ల వెనకవైపే చూశాను. కుట్లూ, మడతలూ, చివర తేలిన దారాలూ. ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ రోజూ ముందువైపు చూసింది. దీపంతో, మనిషితో సహా. నా గదిని నాకన్నా ముందే, నాకన్నా బాగా అది చూసేసింది.

కిందికి దిగాక అత్తయ్యకి రెండే మాటలు చెప్పాను. "చూపించాను అత్తయ్యా." చూపించానో, అది చూసేసిందో, ఆవిడ అడగలేదు. ఆ గాలికి పాత కర్టెన్ చిరిగిపోయింది కాబట్టి కొత్తవి చిన్నదే తెస్తానంది. పుట్టింటి కొట్టు నుంచి బూడిద రంగు మీద సన్నటి నీలం చారల గుడ్డ తెచ్చింది.

"మన కిటికీలకి ఎదురువాళ్ళ గుడ్డా?" అంది అత్తయ్య. రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది. ఇంకోసారి నలిపింది. "గుడ్డ మంచిదే."

కర్టెన్లు మార్చిన రోజు నుంచి కొట్టుకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. పక్క మందుల షాపాయన కూడా వచ్చి, "పై గదికి కళొచ్చిందండీ, ఎవరైనా దిగారా?" అన్నాడు. మావయ్య దగ్గి, "చిన్నకోడలి పనితనం" అన్నాడు. నేననుకున్నదంతా అక్షరం పొల్లుపోకుండా జరిగింది. సాయంత్రం దీపం వెయ్యడానికి చిన్నది చెయ్యి చాపితే తాళంచెవి ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదని అడుగుతారు కదా.

ఇచ్చి, ఇంట్లో నిలబడలేక, కొట్టులోంచి నడిచి రోడ్డు దాటాను. కర్టెన్ అంచుకి సరిపోయే దారం కావాలని వంక పెట్టుకున్నాను. పెళ్ళయి వచ్చాక తెల్ల కొట్టు మెట్లెక్కడం నాకదే మొదటిసారి. చిన్నదాని తల్లి గల్లా దగ్గర నుంచి లేచొచ్చింది.

"రామ్మా, రా. ఇన్నాళ్ళకి దారి కనిపించిందా! దారాలు పైన ఉన్నాయి, నువ్వే చూసి ఏరుకో."

"మీరు కూర్చోండి పిన్నిగారూ," అంటూనే మెట్లెక్కాను.

వాళ్ళ మేడ నిజమైన మేడ. నిజమైన గోడలు, మూలల్లో నిజమైన దుమ్ము. కిటికీ దగ్గర ఒక పాత మంచం. అదే దాని మంచమై ఉంటుంది. దారాల పెట్టె పక్కన పెట్టి ఆ మంచం మీద కూర్చుని ఎదురుగా చూశాను.

వెలుగు తగ్గుతోంది. ఎర్ర కొట్టు పైసగం లేత ఇటుకలు గులాబీ రంగులోకి తిరిగాయి. మూడు కిటికీలూ చీకటిగా ఉన్నాయి. అంతలో నడిమి కిటికీలో దీపం వెలిగింది. నీలం చారలు నిలువునా మెరిశాయి. వాటి వెనక ఒక గది. నిజంగా, ఒక గది. ఎడమవైపు మంచం ఉండే చోటు నాకు తెలుసు. బీరువా నిలువుటద్దంలో ఆ వెలుగు పడుతూ ఉంటుంది. ఎర్ర నేల చల్లగా ఉంటుంది. అక్కడ ఉండేవాళ్ళకి వంటిల్లు లేదు, పక్క గదిలోంచి ఎవరి నవ్వులూ వినపడవు, ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు. ఎంత అదృష్టవంతులో అనుకున్నాను.

అప్పుడు కర్టెన్ మీద ఒక ఆడమనిషి నీడ కదిలింది. మెల్లగా అటు నడిచింది, ఇటు నడిచింది. కిటికీ దగ్గర ఆగింది. నేను పేము కుర్చీ వేసిన చోట, సరిగ్గా అక్కడే.

ఆ గదిలో ఒక్కో వస్తువూ అమర్చింది నేను. అందులో తిరుగుతున్నది అది.

"దారం దొరికిందామ్మా?" అని కింది నుంచి పిన్నిగారు అడిగింది.

దొరికిందన్నాను. ఏ రంగు తీశానో కూడా చూడకుండా మెట్లు దిగి, రోడ్డు దాటి, వెనక మెట్లెక్కి తిన్నగా డాబా మీదికి వెళ్ళాను. చిన్నది బల్బు తీగ సర్దుతోంది. నన్ను చూసి, "ఎలా ఉందక్కా అక్కణ్ణుంచి?" అంది. నేను ఎక్కడికి వెళ్ళానో దానికెవరూ చెప్పలేదు.

"తాళంచెవి ఇలా ఇవ్వు."

ఇచ్చేసింది.

"రేపటి నుంచి దీపం నేనే వేస్తాను," అన్నాను. "దీపం వేళకి నువ్వు మీ పుట్టింటికి వెళ్ళు. మేడెక్కి నీ మంచం మీద కూర్చో."

"కూర్చుని?"

"నన్ను చూడు."

అది నా మొహంలోకి చూసింది. నేను కర్టెన్ వైపు తిరిగి, మడత సరిగ్గానే ఉన్నా సరిచేశాను. వెనక నుంచి దాని గొంతు చాలా మామూలుగా వినబడింది.

"అలాగే అక్కా. కుర్చీలో కూర్చుంటారా, నిలబడతారా?"

"కూర్చుంటాను," అన్నాను.

మర్నాడు పేము కుర్చీ కొనుక్కొచ్చాను. మా ఆయన చూసి దగ్గాడు గానీ ఎందుకని అడగలేదు. పైకి మాత్రం నేనే మోసుకెళ్ళాను, చిన్నది ఒక చెయ్యి వేస్తానన్నా వెయ్యనివ్వలేదు.